ఆర్‌ఎక్స్ 135 ఇంజన్‌తో క్వాడ్: పెట్రోల్ మార్చాలా, పార్టులు మార్చాలా?

చలకదుమ్ము (పరకాల) | జనవరి 8, రాత్రి 9:50

అన్నలందరికీ నమస్తే. పోస్టు పొడుగైంది, ఏమనుకోవద్దు.

నేనూ మా బావమరిదీ కలిసి రెండేళ్లు కిందా మీదా పడి ఒక క్వాడ్ (పొలాల్లో తిప్పే నాలుగు చక్రాల బండి) తయారు చేసుకున్నాం. ఫ్రేము మేమే వెల్డింగ్ చేశాం. ఇంజన్ యమహా ఆర్‌ఎక్స్ 135 బైకుది, టూ స్ట్రోక్ (పెట్రోల్‌తో పాటే ఆయిల్ మండేది), ఐదు గేర్లది. వెనక సాలిడ్ యాక్సిల్, 10 అంగుళాల రిమ్ములు. 28 సైజు కీహిన్ పీడబ్ల్యూకే రకం కార్బురేటర్, అదీ కాపీదే. ఎక్స్‌పాన్షన్ చాంబర్ (పవర్ పెంచే సైలెన్సర్) పెట్టాం, కంప్రెషన్ పెరగాలని హెడ్ చెక్కించాం. రోడ్డు మీదికి తేను, రిజిస్ట్రేషన్ కాదని తెలుసు. పొలం, చెరువు శిఖం, అంతవరకే.

మే నెలలో నడినెత్తిన ఎండలో ఎండిన చెరువులో తిప్పాం. మస్తు లాగింది, ఒక్కసారి కూడా మొరాయించలేదు. మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు, మంచు ఇంకా విడవలేదు, పత్తికట్టె పీకిన చేనులో నాలుగో గేర్లో ఫుల్ త్రాటిల్ మీద పోతున్నా. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఇంజన్ శబ్దం సన్నబడింది, ఆ వెంటనే వెనక చక్రాలు పట్టేశాయి. బండి అడ్డం తిరిగి ఆగింది. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది. చల్లారాక కిక్ దిగింది గానీ కంప్రెషన్ లేదు.

బంకు పెట్రోల్ కల్తీ అని మా మెకానిక్ అంటున్నాడు. హైదరాబాద్ నుంచి 100 ఆక్టేన్ పది లీటర్లు తెప్పించి పెట్టుకున్నా. అది పోస్తే సరిపోతుందా? ఫోర్జ్‌డ్ పిస్టన్ వేయించాలా? ఆయిల్ ఏది వాడాలి? సిలిండర్‌ను బోరుకు ఇవ్వకముందే చెప్పండి.

ఫుల్‌త్రాటిల్ (కాజీపేట) | రాత్రి 10:05

100 ఆక్టేన్ పోసెయ్ భాయ్, డౌటే లేదు. పవర్ కూడా పెరుగుతుంది. ఇంకా కావాలంటే చిన్న విమానాల పెట్రోల్ ఉంటుంది, 100 ఎల్‌ఎల్ అంటారు. మామునూరు ఎయిర్‌పోర్టు మనకు పక్కనే కదా.

పాతపొగ (కరీంనగర్) | రాత్రి 10:40

మామునూరులో ముందు విమానాలు దిగనీ తమ్మీ, వాటి పెట్రోల్ సంగతి తర్వాత చూద్దాం. అందులో సీసం ఉంటుంది, ఆ పొగ నీ ఇంటి ముందు వద్దు.

చలకదుమ్మూ, పెట్రోల్ మీద నేరం మోపేముందు పిస్టన్‌ను అడుగు. నా దగ్గర రాజ్‌దూత్ 350 ఉంది, దాన్ని నాలుగుసార్లు జామ్ చేసిన (పిస్టన్ బోరులో పట్టేసిన) అనుభవంతో చెబుతున్నా. సైలెన్సర్ వైపే గీతలు పడితే వేడి మితిమీరింది, చాలాసార్లు గాలి, పెట్రోల్ మిక్చర్ పలచబడటమే (పెట్రోల్ తగ్గడమే) కారణం. నాలుగు మూలలా గీతలుంటే బోరు వేడెక్కకముందే పిస్టన్ ఉబ్బింది. చల్లని ఇంజన్‌ను వెంటనే గుంజినా, క్లియరెన్స్ తక్కువైనా అట్లనే అవుతుంది. చుట్టూరా గీతలుంటే ఆయిల్ అందలేదు. పిస్టన్ నెత్తి అంచున ఇసుకతో కొట్టినట్టు సన్న గుంటలుంటే నాకింగ్, అంటే మిక్చర్ తనంతట తాను పేలడం.

ఏది కనబడుతోందో చూసి రాయి. ప్లగ్గు రంగు, మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ పారే రంధ్రం) నంబర్, ఆయిల్ ఎంత కలుపుతున్నావు, అన్నీ కావాలి.

చలకదుమ్ము (పరకాల) | జనవరి 9, రాత్రి 8:20

విప్పి చూశాను అన్నా. సైలెన్సర్ వైపు రెండు వేళ్ల వెడల్పున నిలువు గీతలు, రింగు అక్కడ పిస్టన్‌కు అంటుకుపోయింది. ఇన్‌టేక్ వైపు కొత్తదానిలా ఉంది. నెత్తి మీద అదే సైలెన్సర్ వైపు అంచు కొరికినట్టుంది. ప్లగ్గు పింగాణీ సున్నంలా తెల్లగా, దాని మీద వెండి రజనులా చిన్న చుక్కలు. మెయిన్ జెట్ 120, మేలో పెట్టిందే. ఆయిల్ పంపు తీసేశాం, పెట్రోల్‌లోనే కలుపుతాం: లీటరుకు నాలుగు మూతలు.

బ్యూరెట్టు (హనుమకొండ) | రాత్రి 9:15

ఏ మూత అండీ?

చలకదుమ్ము (పరకాల) | రాత్రి 9:18

వాటర్ బాటిల్ మూత అక్కా.

బ్యూరెట్టు (హనుమకొండ) | రాత్రి 10:30

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆర్‌ఎక్స్ 100 మా వారిది, కార్బురేటర్ విప్పేది మాత్రం నేను. మీ మాట విన్నాక మా ఇంట్లో ఉన్న వాటర్ బాటిల్ మూతను సిరంజితో కొలిచాను. నిండా పోస్తే 5 మి.లీ. నాలుగు మూతలంటే 20, అంటే మీరు 50:1 (50 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్) మీద నడుపుతున్నారు. మీరు బండిని వాడే తీరుకు 32:1 దగ్గర ఉండాలి: లీటరుకు 31 మి.లీ., ఐదు లీటర్లకు 156. మెడికల్ షాపులో పెద్ద సిరంజి దొరుకుతుంది, ఈరోజే కొనండి. ఒక మాట గుర్తుంచుకోండి, ఆయిల్ పెంచితే అదే జెట్టులోంచి వెళ్లే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ జెట్టింగ్ చూసుకోవాలి.

కల్తీ సంగతి. 100 మి.లీ. కొలజాడీలో 10 గీత దాకా నీళ్లు, అక్కడి నుంచి 100 గీత దాకా పెట్రోల్ పోయండి. మూత పెట్టి నిమిషం కుదిపి పది నిమిషాలు వదిలేయండి. పెట్రోల్‌లో ఉన్న ఇథనాల్ నీళ్లలోకి దిగిపోయి కింది పొర పెరుగుతుంది. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అయితే 90 మి.లీ.లో 18 మి.లీ. ఇథనాల్, కాబట్టి పొర 28 దగ్గర ఆగుతుంది. చాలా పైకి పోతే అనుమానించండి. కిరోసిన్ కలిపితే మాత్రం ఇందులో తెలియదు. దానికి బంకులోనే ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ చూపించమని అడగవచ్చు, అది మన హక్కు. ఇదంతా ఆరుబయట చేయండి, వంటింట్లో కాదు.

ఇక ఆక్టేన్. ఆ అంకె చెప్పేది పెట్రోల్ ఓపిక గురించి. ఒత్తిడి, వేడి పెరుగుతున్నా ప్లగ్గు నిప్పు వేసేదాకా తనంతట తాను అంటుకోకుండా ఎంత ఓర్చుకుంటుందో అది. ఓపిక అవసరం లేని ఇంజన్‌లో 100 పోస్తే పవర్ ఏమీ రాదు. మన మామూలు పెట్రోల్ 91 ఉండేదని, ఇ20 తో 95 అయిందని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. ఆక్టేన్ వరకు మీకు లోటు లేదు.

లోటు వేరే చోట ఉంది. మామూలు పెట్రోల్ ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఇ20 కి లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే పాత పెట్రోల్‌కు సరిపోయిన జెట్టు మీద ఇ20 పోస్తే మిక్చర్ ఏడెనిమిది శాతం పలచబడుతుంది. ఇంజెక్షన్ బండి సెన్సర్ చూసి సర్దుకుంటుంది. మన కార్బురేటర్‌కు కళ్లు లేవు.

ఫుల్‌త్రాటిల్ (కాజీపేట) | రాత్రి 10:42

అయితే ఆ నీళ్ల పద్ధతిలోనే ఇథనాల్ తీసేసి పైన మిగిలిన పెట్రోల్ పోసుకుంటే? యూట్యూబ్‌లో చూశా.

బ్యూరెట్టు (హనుమకొండ) | రాత్రి 10:55

తీయవచ్చు. ఇథనాల్‌తో పాటు అది తెచ్చిన ఆక్టేన్ కూడా పోతుంది. 95 వచ్చింది దానివల్లే కదా. పైగా అందులో కొంత తేమ మిగులుతుంది. చెక్కిన హెడ్‌కు అలాంటి పెట్రోల్ పోస్తే ఇప్పుడు కొరికిన అంచు ఈసారి చిల్లు పడుతుంది. పెయింట్ షాపు థిన్నర్ ఐడియా కూడా వద్దు, నువ్వు అడగకముందే చెబుతున్నా.

టెక్సాస్ జనగామ (డాలస్ దగ్గర) | జనవరి 10, ఉదయం 7:30

మాది జనగామ, పదేళ్లుగా ఇక్కడున్నాను. గ్యారేజీలో 2004 బాన్షీ ఉంది. తెలియనివాళ్ల కోసం: యమహా బాన్షీ అంటే అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మిన టూ స్ట్రోక్ క్వాడ్. 347 సీసీ, రెండు సిలిండర్లు, వాటర్ కూలింగ్. బోరు 64, స్ట్రోకు 54. పాతపొగ అన్న రాజ్‌దూత్ కొలతలు కూడా అవే, కానీ అది గాలికి చల్లబడే ఇంజన్, సిలిండర్లు ఒకదానివి ఒకదానికి పట్టవు. ఆ రోజుల్లో సుజుకీ ఎల్‌టీ500ఆర్, హోండా టీఆర్‌ఎక్స్250ఆర్ కూడా ఉండేవి, 90ల మొదట్లోకే అవి ఆగిపోయాయి.

ఇంగ్లిష్ ఫోరమ్‌లు చదివి మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఆక్టేన్ అంకె దగ్గర. ఇక్కడి పంపు మీద రాసేది రెండు పద్ధతుల సగటు, ఇండియాలో చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్ ఒక్కటే. ఇక్కడి 91 అంటే అక్కడి 95, 96 తో సమానం. ఎవరో అమెరికావాడు '91 చాలు' అన్నాడని అక్కడ పాత 91 పోస్తే తేడా వస్తుంది. '110 రేస్ గ్యాస్ లేకపోతే నడవదు' అనేవాళ్లవి బోరు, స్ట్రోకు పెంచిన డ్రాగ్ ఇంజన్లు. మెథనాల్ వాళ్లూ ఉన్నారు. దానికి పెట్రోల్‌కు రెట్టింపు పైగా పారాలి, అల్యూమినియాన్ని తింటుంది, మంట పగటి వెలుతురులో కనబడదు. దాని జోలికి పోకండి.

నాకు అసలు భయం కూలింగ్ గురించి. బైక్ ఇంజన్ బైక్‌లో ఉన్నప్పుడు 80 స్పీడులో గాలి తగులుతుంది, త్రాటిల్ ఎప్పుడూ నిండా ఉండదు. అదే ఇంజన్ క్వాడ్‌లో పెడితే బరువెక్కువ, మెత్తటి నేల, చక్రం ప్రతి అడుగూ దున్నుకుంటూ పోతుంది. స్పీడు 40, త్రాటిల్ మాత్రం ఫుల్. పైగా ముందు బంపర్, ప్లాస్టిక్, మన కాళ్లు గాలికి అడ్డం. బైక్ మీద సరిపోయిన జెట్టు, ప్లగ్గు క్వాడ్‌కు సరిపోతాయనుకోవద్దు. హెడ్‌కు గాలి చేరేలా రేకుతో ఒక డక్టు కట్టండి. ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది వేయండి. ఇక్కడ ఇంకో తిరకాసు: ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే చల్లని ప్లగ్గు, బాష్‌లో నంబర్ పెరిగితే వేడి ప్లగ్గు. నేను ఒకసారి తారుమారు చేసి ఒక పిస్టన్‌కు డబ్బు కట్టాను.

లేత్‌బండి (వరంగల్) | మధ్యాహ్నం 1:10

బోరు, లేత్ నా పని. అందరూ పెట్రోల్, పెట్రోల్ అంటున్నారు. హెడ్ ఎంత చెక్కారో ఎవరూ అడగలేదు.

హెడ్ చెక్కమని మా దగ్గరికి వచ్చేవాళ్లు కటింగ్ షాపుకొచ్చినట్టు వస్తారు. 'ఇంకొంచెం తియ్యి అన్నా' అంటారు. ఎంత తీశామన్నది కాదు, పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్ అంచుకూ మధ్య ఎంత సందు మిగిలిందో చూడాలి. స్క్విష్ అంటాం. ఆ సందు బిగుతుగా ఉంటే అంచున ఉన్న మిక్చర్ మధ్యలోకి తోసుకొస్తుంది, గబగబా కాలిపోతుంది. వదులుగా ఉంటే అంచున కొంత మిక్చర్ మిగిలి, వేడెక్కి, తనంతట తాను పేలుతుంది. తమ్ముడి పిస్టన్ అంచు కొరికినట్టుందంటే నా అనుమానం అదే.

సోల్డరింగ్ తీగ తీసుకో. ప్లగ్గు రంధ్రంలోంచి దూర్చి బోరు గోడకు ఆనించు. పిస్టన్ పిన్ను ఏ దిక్కున ఉందో ఆ దిక్కున పెట్టు, లేకపోతే పిస్టన్ ఊగి తప్పు కొలత వస్తుంది. మాగ్నెట్ నట్టుకు పానా పెట్టి చేత్తో ఒక్కసారి పైకి దాటించు. నలిగిన చివర వెర్నియర్‌తో కొలువు. ఈ ఇంజన్‌కు 1.0 నుంచి 1.2 మి.మీ. మధ్య రావాలి.

చలకదుమ్ము (పరకాల) | జనవరి 11, సాయంత్రం 6:45

పాత పిస్టన్‌తోనే మళ్లీ బిగించి చూశాను అన్నా. మొదట సన్న తీగ పెడితే నలగనే లేదు, ఎట్ల పోయిందో అట్లనే వచ్చింది. రెండు పోగులు మెలేసి పెడితే చివర రేకులా చదునైంది. వెర్నియర్ 1.9 చూపించింది. మూడుసార్లు చేశా, అదే.

అసలు సంగతి చెబుతా, తిట్టొద్దు. హెడ్ 1.5 మి.మీ. చెక్కించాక పిస్టన్ తగులుతుందేమోనని భయమేసి, అంచు మళ్లీ లోతు చేయించాం. అదీ చాలదేమోనని బోరు కింద ఇంకో ప్యాకింగ్ వేశాం. పెట్రోల్ పరీక్షలో పొర 28 దగ్గరే ఆగింది అక్కా. కల్తీ లేదనుకుంటా.

లేత్‌బండి (వరంగల్) | రాత్రి 8:00

తిట్టను. సగం పని చేసినవాళ్లను తిట్టాలి.

బ్యూరెట్టు అక్క లాంటివాళ్ల దగ్గర బ్యూరెట్టు అరువు తెచ్చుకుని, పిస్టన్ పైన ఉండగా ప్లగ్గు రంధ్రంలోంచి ఆయిల్ పోసి హెడ్‌లో ఎన్ని సీసీలు పడుతుందో చూడు. ప్లగ్గు మరలో పట్టేది తీసెయ్యి.

చలకదుమ్ము (పరకాల) | జనవరి 12, రాత్రి 7:30

11 సీసీ.

లేత్‌బండి (వరంగల్) | రాత్రి 8:10

పాత బోరు లెక్కన సిలిండర్ 133 సీసీకి 11 కలిపి 11తో భాగిస్తే కంప్రెషన్ 13:1 వచ్చింది. గాలికి చల్లబడే ఇంజన్, మెత్తటి నేల, వదులు స్క్విష్. ఇది జామ్ కాకపోతేనే ఆశ్చర్యం.

ఇప్పుడు ఎక్స్‌ట్రా ప్యాకింగ్ తీసెయ్, 0.5 తగ్గుతుంది. హెడ్ ముఖం ఇంకో 0.2 తీస్తాను, స్క్విష్ 1.2 అవుతుంది. కానీ అంతటితో ఆపితే హెడ్‌లో చోటు 9 సీసీకి పడిపోయి కంప్రెషన్ 15 దాటుతుంది. అందుకే మధ్యలో గిన్నెను పెద్దది చేసి 13.4 సీసీకి తేవాలి. 58.5 బోరుకు 134 సీసీ, లెక్క సరిగ్గా 11:1. అప్పుడు మామూలు పెట్రోల్ చాలు. ప్యాకింగ్ తీస్తే పోర్టులు (బోరు గోడలో మిక్చర్, పొగ పోయే దారులు) కొంచెం కిందికి దిగుతాయి, పైన ఆర్‌పీఎం కాస్త తగ్గి కింద లాగుడు పెరుగుతుంది. బురదలో నీకు కావాల్సిందీ అదే.

ఫోర్జ్‌డ్ పిస్టన్ వద్దు. మంచి కాస్ట్ పిస్టన్ చాలు, 0.05 క్లియరెన్స్, మా భాషలో రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఫోర్జ్‌డ్ ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి మూడు థౌ దాకా వదలాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్లలా మోగుతుంది, నువ్వు మళ్లీ భయపడి విప్పుతావు. బోరు చేయించాక పోర్టుల అంచులు ఆకురాయితో మొద్దు చేశారా లేదా చూసుకో. పదును ఉంటే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. తొందరలో చాలామంది వదిలేసే పని అది.

చలకదుమ్ము (పరకాల) | రాత్రి 8:25

అన్నీ సరే అన్నా, మరి మేలో ఎందుకు జామ్ కాలేదు? అదే హెడ్, అదే జెట్టు, అదే బంకు. ఎండ 43 ఉంది అప్పుడు. చలిలో జామ్ కావడం ఏంది?

బ్యూరెట్టు (హనుమకొండ) | రాత్రి 9:40

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

43 డిగ్రీలంటే కెల్విన్‌లో 316. మొన్న పొద్దున 15 అనుకుంటే 288. భాగించండి, 1.097. మే మధ్యాహ్నం కంటే మొన్న పొద్దున గాలి దాదాపు పది శాతం చిక్కగా ఉంది. ఇంజన్ మింగేది అదే పరిమాణం గాలి, కానీ అందులో పది శాతం ఎక్కువ ఆక్సిజన్. జెట్టు మాత్రం పెట్రోల్‌ను ఆ మేరకు పెంచలేదు. ఇ20 వల్ల వచ్చిన లోటును మే ఎండ కప్పేసింది. గాలి పలచబడి దానంతట అదే సరిపోయింది. చలికాలం ఆ కప్పు తీసేసింది.

కీహిన్ రకం జెట్ల మీద నంబర్ రంధ్రం వ్యాసం, 120 అంటే 1.20 మి.మీ. పారేది వ్యాసం వర్గాన్ని బట్టి. పది శాతం పెరగాలంటే 126 కావాలి. 128తో మొదలుపెట్టి 125కు దిగండి. ఎప్పుడూ పెద్ద జెట్టు నుంచి కిందికి రావాలి, చిన్నదాని నుంచి పైకి వెళ్తే దారిలో పిస్టన్ పోతుంది. కాపీ కార్బురేటర్‌తో వచ్చిన జెట్ల మీద నంబర్‌ను నమ్మకండి, ఒరిజినల్ జెట్లు నాలుగు కొనుక్కోండి.

పాతపొగ (కరీంనగర్) | రాత్రి 10:20

అక్క లెక్కకు దండం. ఒకటి మిగిలింది. శబ్దం సన్నబడింది అన్నావు కదా తమ్మీ, అంటే ఆర్‌పీఎం దానంతట అదే పెరిగింది. గాలి ఎక్కడినుంచో దొంగతనంగా వస్తోందేమో. పాత ఇంజన్, కొత్త ఇ20. క్రాంక్ ఆయిల్ సీళ్లు చూడు. క్లచ్చు వైపు సీలు పోతే గేర్ ఆయిల్ తాగి తెల్లపొగ వదులుతుంది, దొరికిపోతుంది. మాగ్నెట్ వైపు పోతే చప్పుడు లేకుండా గాలి పీలుస్తుంది.

పరీక్ష ఇట్ల చెయ్యి. బోరు, హెడ్ బిగించాక కార్బురేటర్ వైపూ సైలెన్సర్ వైపూ పాత ట్యూబు రబ్బరు ముక్కలతో మూసి రేకు పెట్టి బిగించు. ఒక రేకులో సన్న గొట్టం పెట్టు. గాలి కొట్టడానికి పంపు వద్దు, సీళ్లు ఎగిరిపోతాయి. మీ ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ ఉంటాడు కదా, బీపీ మిషన్ అడుగు. దాని బల్బుతో 300 దాకా కొట్టు, అది దాదాపు 6 పీఎస్‌ఐ. ఆరు నిమిషాలు చూడు. నిమిషానికి 50 కంటే ఎక్కువ పడిపోతే సబ్బు నీళ్లు పూసి వెతుకు.

ఫుల్‌త్రాటిల్ (కాజీపేట) | రాత్రి 10:31

బీపీ మిషన్!! ఈ థ్రెడ్ సేవ్ చేసుకుంటున్నా. ఆయిల్ గురించి ఎవరూ చెప్పలేదు. పాత రేసుల్లో ఆముదం వాడేవాళ్లట కదా, మన దగ్గర ఆముదానికి కొదవా?

పాతపొగ (కరీంనగర్) | రాత్రి 10:50

వాడేవాళ్లు. క్యాస్ట్రాల్ పేరులోనే క్యాస్టర్ ఉంది, అంటే ఆముదమే. మండినప్పుడు ఆ వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోలేం. కానీ అది రేసు అయిపోగానే ఇంజన్ విప్పి కడిగేవాళ్ల ఆయిల్. గానుగ ఆముదం పోస్తే రింగుల గాడి బంకతో నిండి అక్కడే అతుక్కుంటుంది. పెట్రోల్‌లో చలికి సరిగా కలవదు, అడుగున నిలుస్తుంది. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (ఆయిల్ గ్రేడు) అని ఉన్న సింథటిక్ 2టీ, అంటే టూ స్ట్రోక్ ఆయిల్, ఏదైనా తీసుకో. బ్రాండ్ గొడవ మనకొద్దు. కలిపింది వారంలో వాడెయ్.

బ్యూరెట్టు (హనుమకొండ) | రాత్రి 11:05

వారం అన్నది ఊరికే కాదు. ఇ20 తేమను పీలుస్తుంది. వానాకాలం సగం ఖాళీ ట్యాంకు అలాగే వదిలేస్తే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. 2టీ ఆయిల్ పైనున్న పెట్రోల్‌తోనే ఉంటుంది. కార్బురేటర్‌కు మొదట వెళ్లేది అడుగుదే, అంటే ఆయిల్ లేని ఇంధనం.

చలకదుమ్ము (పరకాల) | జనవరి 17, రాత్రి 9:00

పండక్కి లేత్‌బండి అన్న షాపు మూసినా నా హెడ్ కోసం తెరిచాడు, ఆయనకు మొదటి దండం.

మొన్న రాత్రి బీపీ మిషన్ తెచ్చా. డాక్టర్ సారు 'ఎవరికి బీపీ?' అంటే ఇంజన్‌కు అన్నా, చాలాసేపు నవ్వాడు. 300 కొట్టి వదిలితే ముల్లు మన కళ్ల ముందే జారింది, రెండు నిమిషాల్లో 120. హెడ్ దగ్గర సబ్బు నీళ్లు పూశా, ఏమీ లేదు. కార్బురేటర్ రబ్బరు దగ్గరా లేదు. మాగ్నెట్ విప్పి సీలు మీద పూస్తే చంటిపిల్లవాడి నోట్లో చొంగ బుడగలా ఒకటి ఉబ్బి పగిలింది, మళ్లీ ఇంకోటి. సీలు పీకి గోరుతో గీరితే పెదవి పెళుసుగా రాలింది. నూట యాభై రూపాయల సీలు!

రెండు వైపులా వైటాన్ (ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు) సీళ్లు వేశా, పెట్రోల్ పైపు కూడా మార్చా. ఎయిర్ ఫిల్టర్ ఫోము ముట్టుకుంటే పొడి అవుతోంది, చలక దుమ్మంతా లోపలికే పోయింది. కొత్తది వేసి ఫిల్టర్ ఆయిల్ పట్టించా.

టెక్సాస్ జనగామ (డాలస్ దగ్గర) | జనవరి 18, ఉదయం 6:50

భేష్. ప్లగ్గు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఫుల్ త్రాటిల్ మీద లోడుతో నడిపి, అదే త్రాటిల్ మీద ఇగ్నిషన్ కట్ చేసి క్లచ్చు పట్టు. ఐడిల్‌లోకి తెచ్చి ఆపితే ప్లగ్గు చెప్పేది ఐడిల్ కథ. ఇ20 లో పింగాణీ కొస ఎప్పుడూ లేతగానే కనబడుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. లోపల, మొదట్లో సన్న గోధుమ రంగు ఉంగరం ఉందో లేదో చూడు. గ్రిప్పు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకో. సగం దగ్గర తేడా ఉంటే కార్బురేటర్‌లోని నీడిల్ (సూది), ముప్పావు దాటితే మెయిన్ జెట్.

చలకదుమ్ము (పరకాల) | జనవరి 25, రాత్రి 8:40

రెండు ట్యాంకులు మెల్లగా తిప్పి బోరు సర్దుకున్నాక ఈరోజు పొద్దున ఏడింటికి అదే చేనులో గుంజా. 128 మీద కాస్త నీళ్లు నమిలినట్టు నడిచింది, 125 వేస్తే తేరుకుంది. మూడు నిమిషాలు ఫుల్ త్రాటిల్, కట్. ఉంగరం ఉంది. మామూలు బంకు పెట్రోల్, 32:1, సిరంజితో కొలిచి. ట్యాంకు మీద పెయింట్‌తో రాసుకున్నా: 'మే 120, జనవరి 125'. శబ్దానికి పక్క చేను పెద్దాయన గేదెలు తాడు తెంపుకున్నాయని గొడవ చేశాడు, సైలెన్సర్ చివరకు గ్లాస్‌వూల్ డబ్బా కట్టాలి.

100 ఆక్టేన్ డబ్బా అట్లనే ఉంది. నీళ్ల పరీక్ష చేస్తే పొర 10 దాటలేదు, ఇథనాల్ లేదు.

బ్యూరెట్టు (హనుమకొండ) | రాత్రి 9:05

అమ్ముతారా? మా నాన్న దగ్గర గడ్డి కోసే మిషన్ ఉంది, అదీ టూ స్ట్రోకే. ఏడాదిలో పది నెలలు మూల పడి ఉంటుంది, ప్రతి వానాకాలం కార్బురేటర్ విప్పలేక చస్తున్నాను.

ఫుల్‌త్రాటిల్ (కాజీపేట) | రాత్రి 9:07

నాకూ రెండు లీటర్లు అన్నా.

చలకదుమ్ము (పరకాల) | రాత్రి 9:20

ఐదు లీటర్లు అక్కకు, బదులుగా ఆ కొలజాడీ నాకు. మిగతాది రేకు డబ్బాలోకి మార్చి నీడన పెట్టా. తమ్మీ, నీకెందుకు చెప్పు ముందు.